ఆయుధ పూజకు వదులు చేసిన తీగలు

షెడ్డు తాళంచెవి యాడ పెట్టినావు అని మా ఆయన అడిగాడు. అంతే, నా చెయ్యి నడుము మీదికి పోయింది.

అడగడం మామూలుగానే అడిగాడు. పళ్ళెంలో అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా. స్పానర్ కావాలట. స్పానర్ కిటికీలోనే ఉంది, ఆయన ముక్కు ఎదురుగా. ఆ మాట నేను అనలేదు. వెతికి ఇస్తానని వంటింట్లోకి పోయి, నడుముకు దోపుకున్న తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని గోడకు ఆనుకున్నాను.

మా షెడ్డులో గులాబీ తోటకు కొట్టే మందులు ఉంటాయి. మా ఊరు బేరిగైలో తోట ఉన్న ఏ ఇంట్లోనైనా ఉంటాయి, అందులో వింత లేదు. మా ఇంట్లో మాత్రం ఆ షెడ్డు తాళంచెవి పదేళ్ళకు పైగా నా నడుము వదల్లేదు. స్నానానికి పోయినా దాన్ని గోడ మీద నా కళ్ళకు కనబడేలా పెట్టుకునేదాన్ని. ఎందుకో చెప్తాను.

మా ఆయన సూర్య పెళ్ళికి ముందు నుంచే ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడు. వారమంతా హోసూరులో ఇనప రేకులు అచ్చొత్తే ఒక ప్రెస్ షాపులో పని, శని ఆదివారాలు జాతర్లలో, పెళ్ళిళ్ళలో ప్రోగ్రాములు. తెలుగు, తమిళం, కన్నడం, జనం ఏ పాట అడిగితే ఆ పాట. బేస్‌ను ఎవరూ విననే వినరు, అది ఆగిపోతే మాత్రం పాట కూలబడుతుంది అని పెళ్ళయిన కొత్తలో నాకు పూటకోసారి చెప్పేవాడు. విని విని విసుగొచ్చి, అయితే ఒకసారి ఆపి చూపించు అన్నాను. నవ్వాడు.

ఒకరోజు ప్రెస్ కిందికి దిగింది, ఆయన ఎడమ చెయ్యి ఇంకా దాని కిందే ఉంది. చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు మిగిలాయి కానీ వాటిలో పట్టు లేదు. బేస్ తీగలు లావుగా, బిర్రుగా ఉంటాయి. గిటార్ మెడ మీద వరసగా ఉండే ఇనప మెట్లకేసి వాటిని గట్టిగా నొక్కిపెడితేనే స్వరం పలుకుతుంది. ఆ రెండు వేళ్ళూ నొక్కలేకపోయాయి. చేతులు మార్చి వాయించమని ఊళ్ళో వాళ్ళంతా సలహాలిచ్చారు. సలహాలకేం, పుట్టెడిచ్చారు. మార్చి చూశాడు. నెలల తరబడి కూర్చున్నాడు. ఒక్క పాట కూడా నిలబడలేదు.

తర్వాత మాట్లాడడం మానేశాడు. ఒక మధ్యాహ్నం నేను పూలబుట్టలు పెట్టడానికి షెడ్డులోకి పోతే, మందు సీసా మూత తీసి పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను సీసాను తన్నాను. ఆయన్నీ తన్నాను. ఏడుస్తూ తన్నాను. ఆ రోజు నుంచీ తాళంచెవి నా దగ్గరే.

ఆయన్ని మళ్ళీ మనిషిని చేసింది మా అన్న ముత్తప్ప. మా పుట్టిల్లు కృష్ణగిరి పక్క గురుబరపల్లి. అన్న అక్కడి గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్ళకు పాలిష్ పట్టేవాడు. గిటార్ గురించి వాడికి ఓనమాలు తెలియవు. వచ్చి సూర్య ఎదురుగా కూర్చుని, నొక్కలేవు సరే బావా, తాకగలవా అని అడిగాడు. తాకగలను అన్నాడు. జరపగలవా? జరపగలను. సరే అని లేచి వెళ్ళిపోయాడు.

చాన్నాళ్ళకు ఒక దుప్పటి మూట భుజాన వేసుకుని వచ్చాడు. విప్పితే, అలాంటి బేస్ నేను ఎక్కడా చూడలేదు. తల లేదు. తీగలు బిగించే బిరడాలతో తల ఉండాల్సిన చోట మెడ తెగ్గోసినట్టు ఆగిపోయింది. తీగలను కింది వైపు నాలుగు బోల్టులతో, స్పానర్ పెట్టి బిగించాలి. ఒళ్ళు పనస చెక్క, చేటంత ఉంది. మెడ మీద ఇనప మెట్లు ఒక్కటీ లేవు. వాటి బదులు ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగ్గా ఒక నల్లరాతి పలక. మన మొహం కనబడేంత నున్నగా ఉంది. చెక్క మీద తీగలు రాసుకుని రాసుకుని గాట్లు పడతాయి, రాతి మీద పడవు. చెక్క ఎంత చదును చేసినా ఎక్కడో వంపు ఉంటుంది, వాడు పాలిష్ పట్టిన రాతికి లేదు. అందుకని తీగలను రాయికి వెంట్రుకవాసి ఎత్తులో పెట్టగలిగాడు. నొక్కే పని లేదు, వేలు ఆనిస్తే చాలు, పలికేది. ఆ రెండు బలం లేని వేళ్ళు రాతి మీద జారుతూ పోతుంటే సూర్య మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆర్కెస్ట్రా వాళ్ళు దాన్ని సానరాయి అని ఎగతాళి చేశారు. గంధం తీసివ్వమని అడిగేవాళ్ళు. చూద్దాం, ఇది ఎన్నాళ్ళు నిలుస్తుందో అన్నారు. నిలిచింది. వాళ్ళు కొనుక్కున్న కంపెనీ గిటార్ల మెడలు ఎండకు, వానకు వంగాయి, మెట్లు అరిగాయి. మాది మాత్రం పనస చెక్క రంగు తేనెలాగా ముదిరింది, రాయి మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది, స్వరం గుండ్రబడింది. నన్ను కలుపుకుని లెక్కేసినా ఆ ఇంట్లో పాతబడే కొద్దీ బాగుపడిన వస్తువు అదొక్కటే.

ఇచ్చేటప్పుడు అన్న ఒక మాట చెప్పాడు. తీగలు మార్చాలంటే ఒక్కొక్కటే మార్చాలి, నాలుగూ ఒకేసారి విప్పకూడదు. ఎందుకంటే రాయి కింద, చెక్క లోపల, వాడు లారీ కమాను పట్టీ ఒకటి సన్నగా అరగదీసి దాచాడు. తీగలు మెడను ముందుకు లాగుతాయి, కమాను వెనక్కి లాగుతుంది. ఇద్దరు పంతం పట్టి తాడు లాగుతుంటే మధ్యలో ముడి కదలకుండా నిలిచినట్టు, రాయి తిన్నగా నిలుస్తుంది. ఒకరు వదిలేస్తే రెండో వాడిదే రాజ్యం.

ఆ మాట సూర్యకు తెలుసు, నాకు తెలుసు. మా మామకు తెలియదు.

మా మామ రామచంద్రప్ప ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు ఏడాదికి పండగ ఒక్కటే, ఆయుధ పూజ. ముందు రోజే ఇంట్లో తిరిగేదీ కదిలేదీ ఏదైనా సరే విప్పేస్తాడు. మోటారు, మందు కొట్టే పంపు, గ్రైండరు, నా కుట్టు మిషను. కిరసనాయిలుతో కడిగి, నూనె పెట్టి, బెల్టులన్నీ వదులు చేసి పెడతాడు. పూజ రోజు యంత్రం విశ్రాంతి తీసుకోవాలి, బెల్టు బిర్రుగా ఉంటే అది విశ్రాంతి కాదు అంటాడు. ఫ్యాక్టరీలో వాళ్ళకు అదే పద్ధతి. బేస్‌కు మాత్రం ఏటా సూర్యే కుంకుమ పెట్టేవాడు. ఈసారి పూజ రోజు పొద్దున్నే సూర్య గుమ్మడికాయలకని హోసూరు పోయాడు, రావడం ఆలస్యమైంది. ఏడాదంతా ఇంటికి అన్నం పెట్టిన వస్తువుకు ఒక్క రోజైనా విశ్రాంతి ఉండొద్దా అనుకున్నాడు మా మామ. ప్రేమతోనే అనుకున్నాడు. నాలుగు బోల్టులూ విప్పి, తీగలు తీసి కిరసనాయిలు డబ్బాలో నానేసి, బేస్‌ను పంపు పక్కన పడుకోబెట్టి, దానికి బంతిపూల దండ వేశాడు.

టక్ మని చప్పుడు అయితే వీధిలో ఎవరో గుమ్మడికాయ కొట్టారనుకున్నాడట.

సూర్య వచ్చి చూశాడు. రాతి పలక నడిమికి అడ్డంగా పగులు. అరవలేదు. దండ తీసి పక్కన పెట్టి, ఒక తీగ తుడిచి, ఎక్కించి బిగించబోయాడు. రాయి కిర్రుమంది. వెంటనే విప్పేసి, తీగను మళ్ళీ డబ్బాలో వేసి, అయిపోయింది అన్నాడు. మామ ఏమైందిరా అని వెంటపడి అడుగుతుంటే, ఏమీ లేదు నాయినా, పాతబడింది అన్నాడు. ఆ మాటకు నాకు చెప్పలేనంత భయం వేసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తిట్టడం కాస్తా నేనే తిట్టాను. లోకంలో ఉన్నవన్నీ విప్పారు, ఇదొక్కటి ఎందుకు మిగలాలని విప్పారా అని ముసలాయన మొహం మీదే అడిగాను. ఆయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత అన్నం ముట్టలేదు.

మర్నాడు విజయదశమి. పొద్దున అన్నం తింటూ సూర్య తాళంచెవి అడిగాడు.

నేను ఆలోచించలేదు. బేస్‌ను దుప్పట్లో చుట్టి, మామ దగ్గరకు పోయి, కొడుకు పక్క నుంచి కదలొద్దని, బాత్‌రూముకు పోయినా తలుపు దగ్గరే నిలబడమని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. తలగుడ్డ చుట్టుకుని లోపలికి పోయి సూర్య మంచం పక్కన కింద కూర్చున్నాడు.

బేరిగై నుంచి శూలగిరికి, అక్కడ బస్సు మారి గురుబరపల్లికి. బస్సుల ముందర అరటి పిలకలు, దండలు. అందరూ కొత్త బట్టల్లో ఉన్నారు. ఒళ్ళో ఆ రాతి బరువు తొడల మీద దిగుతుంటే, పక్క సీటు ఆమె దుప్పటి వైపు చూసి ఒంట్లో బాగలేదా బిడ్డకు అని అడిగింది. అవునన్నాను. శూలగిరిలో మామకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. బస్సు దిగి వెనక్కి పోదామా అని లేచి నిలబడ్డాను కూడా. అప్పుడు ఆయనే చేశాడు. పండుకోనుండాడమ్మా, గోడ పక్కకు తిరిగి పండుకోనుండాడు అన్నాడు. ఊపిరి ఆడుతా ఉందా మామా అని అడిగాను. అలాంటి ప్రశ్న పండగ పూట ఏ కోడలూ అడిగి ఉండదు. ఆడుతా ఉందమ్మా, నేను చూస్తానే ఉండా అన్నాడు.

మా అన్న ఇప్పుడు ఫ్యాక్టరీకి పోవడం లేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఇక దుమ్ము దరిదాపుకు పోతే మనిషి దక్కడని డాక్టర్లు చెప్పారు. ఇంటి ముందర కుర్చీలో మందు పీల్చే గొట్టం జేబులో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వి, దుప్పటి చూసి నవ్వు ఆపేశాడు.

జరిగిందంతా విని, పెరట్లో రెండు రాతి దిమ్మెల మీద బేస్‌ను అడ్డంగా పెట్టించాడు. తడి గుడ్డతో రాయిని తుడిచి, ఆరేదాకా చూశాడు. రాయంతా ఆరిపోయాక పగులు మాత్రం నల్లటి గీతలాగా తడిగా మిగిలింది. రాళ్ళ పని వాళ్ళు పగులు ఎంత లోతో అలాగే చూస్తారు. అన్న ఆ గీత వెంట వేలు పోనిచ్చాడు, రెండోసారీ పోనిచ్చాడు.

"అడుగుదాకా పోయిందమ్మా," అన్నాడు చివరికి. "దీన్ని అతికించేది కాదు. కొత్త పలక కోయాల."

కోసివ్వు అన్నాను. నా వెనక మా వదిన కోటమ్మ నిలబడి ఉందని నాకు తెలియదు. తెలిసినా అదే మాట అనేదాన్ని.

కోటమ్మ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు. చేతిలో చెంబు కింద పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ మొగుడు నీకు ఎంతనో, నా మొగుడు నాకు అంతేనమ్మా. ఆయప్పకు రాయి కావాల, ఈయప్పకు ఊపిరి కావాల. నువ్వే చెప్పు అంబికా, ఎవురిది తీసి ఎవురికి ఇచ్చేది?"

జవాబు లేనప్పుడు నా నోరు ఇంకా పెద్దదవుతుంది. పుట్టినప్పటి నుంచీ రాళ్ళు కోసిన మనిషికి ఒక్క పలక ఎక్కువైందా, నా మొగుడు తాళంచెవి అడిగినాడు వదినా, నీకు అర్థం అవుతా ఉందా అని ఏదేదో అన్నాను. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి కానీ దారికి అడ్డం తప్పుకోలేదు. ఇద్దరం ఆ పెరట్లో ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనుంటే నన్ను బయటికి గెంటేసి ఉందును.

ఈలోపల అన్న లేచి కొట్టంలోకి పోయాడు. పాత మిగులు పలక ఒకటి గోడకు ఆనించి ఉంది. కోత మిషను దానికి దగ్గరగా లాగి స్విచ్ వేశాడు. చక్రం రాయిని తాకనేలేదు. అది తిరిగిన గాలికి నేల మీద పాత దుమ్ము లేచింది, అంతే. అన్నకు దగ్గు పట్టుకుంది. అది దగ్గు కాదు, లోపలి నుంచి మనిషిని ఎవరో గుంజుతున్నట్టుంది. పెదాలు నీలం తిరిగాయి. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చెయ్యి ఇంకా మిషను వైపే చాపుతున్నాడు.

ప్లగ్ పీకింది కోటమ్మ కాదు, నేనే.

"వద్దన్నా," అన్నాను. "నాకేమీ వద్దు. బయటికి రా."

ఆ మాట అన్నాక నా చేతులతో నేనే మా ఆయన్ని వదిలేశానని అనిపించింది. అన్నను బతికించుకున్నానన్న తృప్తి ఏమీ కలగలేదు. ఒకరిని కాపాడాలంటే ఇంకొకరిని ఇచ్చెయ్యాలన్న లెక్క ఏ దేవుడు పెట్టాడో, వాడు ఎదురుపడితే ఆ రోజు నా చేతిలో అయిపోయి ఉండేవాడు.

అన్నను ఇద్దరం పట్టుకుని పెరట్లోకి నడిపించాం. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. కోటమ్మ చెంబుతో నీళ్ళు అతని మొహాన కొడితే సగం బేస్ మీద పడ్డాయి. మళ్ళీ దగ్గు వచ్చి, ముందుకు తూలి, పట్టుకోవడానికి ఇంకేమీ దొరక్క అన్న ఆ బేస్ మెడ నడిమి మీద అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా దాని మీదే వేశాడు.

విరిగిపోతుందని నేను చెయ్యి చాపాను. చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. పగులులో నుంచి నీళ్ళు సన్నటి గీతగా పైకి వచ్చాయి. నిమ్మకాయ పిండితే వచ్చినట్టు వచ్చి రాతి మీద నిలిచాయి.

దగ్గు తగ్గి అన్న చెయ్యి తీశాడు. నీళ్ళు మళ్ళీ లోపలికి ఇంకిపోయాయి. నేను వాడి చెయ్యి పట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టి, నా చెయ్యి దాని మీద వేసి నొక్కాను. నీళ్ళు పైకి వచ్చాయి. గోటితో గీకి చూశాను. పగులు గోటికి తగల్లేదు.

అన్న నా వైపు చూశాడు. "తీగలు యాడ?" అన్నాడు.

కిరసనాయిలు డబ్బాలో ఉన్నాయని చెప్పాను.

అప్పుడు ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు. రాయిని తీగలు విరగ్గొట్టలేదు. తీగలు లాగినన్నాళ్ళూ రాయి నొక్కుకుని ఉంది, నొక్కుకుని ఉన్నంతకాలం దానికి భయం లేదు. లాగేవాళ్ళు లేక, కమాను ఒక్కటే వెనక్కి వంచితే విరిగింది. మళ్ళీ లాగితే పగులు మూసుకుంటుంది. నిలుస్తుందా అని అడిగాను.

"నాకు తెలీదమ్మా. పగిలిన రాయిని నమ్ముకోమని ఇంతవరకూ నేను ఎవురికీ చెప్పలే. నాలుగు తీగలూ సమంగా ఎక్కాల. ఒకటి ముందు బిగిస్తే రాయి మెలితిరిగి తునకలైపోతాది. నిన్న కిర్రుమనింది అందుకే. మీ మామ ఫిట్టరు కదా, ఇంజన్ హెడ్డు బోల్టులు ఎట్ల బిగిస్తాడో అట్ల, అన్నీ కొంచెం కొంచెంగా బిగించమను. దేనికీ తొందరపడొద్దను."

కోటమ్మ దుప్పటి చుట్టి ఇచ్చింది. ఇస్తూ నా చెయ్యి కాసేపు వదల్లేదు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఎండ ఇంకా తగ్గలేదు. సూర్య గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. మామ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు, పొద్దున ఎలా వదిలిపోయానో అలాగే. ఆయన్ని బయటికి పిలిచి అన్న చెప్పింది చెప్పాను. విని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నా చేత్తో మళ్ళా దాన్ని తాకనమ్మా. ఈసారి తునకలైతే వాడు బతకడు."

తాళంచెవి సంగతి ఆయనకూ తెలుసని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఆ ఒక్క భయాన్నే ఇద్దరం వేరువేరుగా మోశాం.

"మీరే ఇప్పినారు మామా, మీరే బిగించాల. నాకు చేతకాదు, ఆయనకు మనసు లేదు. ఇంక ఎవురుండారు?"

మామ కిటికీలో స్పానర్ తీసుకుని తన పనిబల్ల దగ్గరకు నడిచాడు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న పాత చెక్కబల్ల అది. దాని మీద బేస్‌ను పడుకోబెట్టి, తీగలు ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి ఎక్కించాడు. మొదటిది ఒక్క పిసరు, నాలుగోది ఒక్క పిసరు, రెండోది, మూడోది, మళ్ళీ మొదటిది. నేను పగులు మీద నీటిచుక్క వేసి, మొహం దగ్గరగా పెట్టి చూస్తూ నిలబడ్డాను. చుక్క లోపలికి ఇంకిపోయింది. ఇంకో చుక్క వేశాను. మెడ ఇంకా వెనక్కే ఉంది. రాయి అప్పుడప్పుడు కిచుకిచుమంటోంది. ప్రతి చప్పుడుకూ మామ ఆగి నా వైపు చూస్తాడు. నేను తల ఊపితే మళ్ళీ తిప్పుతాడు.

తీగలు సగం బిర్రు పట్టినప్పుడు టక్ మంది. ఆయుధ పూజ రోజు మామ విన్నానన్న చప్పుడులాంటిదే. మామ చేతిలో స్పానర్ కింద పడింది. నేను బల్ల పట్టుకున్నాను. రాతి వైపు చూసే ధైర్యం ఇద్దరికీ లేదు.

"ఆపొద్దు నాయినా."

సూర్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో తెలియదు. వచ్చి వంగి స్పానర్ తీసి తండ్రి చేతిలో పెట్టాడు. పగులు వైపు చూడలేదు, తీగల మీదకు చెవి వంచాడు. కుడిచేతి వేలితో ఒక్కొక్కటీ మీటి చూశాడు.

"మూడోది ఎనకబడింది," అన్నాడు. "కొంచెం."

మామ కొంచెం తిప్పాడు. సూర్య మీటాడు, తల అడ్డంగా ఊపాడు, ఇంకా అన్నాడు. తండ్రి తిప్పుతున్నాడు, కొడుకు వింటున్నాడు. నీటిచుక్క ఇంకడం మానేసింది. కాసేపటికి పగులులోని నీళ్ళు సన్నటి గీతగా పైకి వచ్చి నిలిచాయి. నేను పమిటతో తుడిచి గోటితో చూశాను. తగల్లేదు. టక్ మన్నది పగులు అంచులు ఒకదానిలో ఒకటి కూర్చున్న చప్పుడు. మామ చెయ్యి పట్టుకుని ఆ గీత మీద పెట్టాను. ఆయన తడిమి తడిమి చూసి, బల్ల మీదే తల ఆనించి గట్టిగా ఏడ్చాడు.

సూర్య తన ఎడమ చెయ్యి రాతి మీద పెట్టాడు. ఉంగరం వేలు తీగ మీద ఆనించి మీటాడు. బల్ల గుయ్‌మంది, దాని మీద ఉన్న నా అరచేతుల్లోకి ఆ స్వరం పాకింది. వేలిని నెమ్మదిగా పైకి జరిపాడు. పగులు దగ్గరకు వచ్చేసరికి స్వరం చిన్నగా తడబడింది. ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒక్కసారి ఎగిరి, దాటి, మళ్ళీ నున్నగా పోయింది. ఇంకోసారి జరిపాడు. ఇంకోసారి ఎక్కిలి. పదేళ్ళకు పైగా వినని కొత్త చప్పుడు అది. పోదు, ఇక ప్రతి పాటలోనూ ఉంటుంది.

"ఎన్నాళ్ళు ఉంటాదంట?" అన్నాడు నన్ను చూడకుండా.

"మా అన్నకు తెలీదంట."

"వదులు చేస్తే?"

"పోతాదంట. లాగుతా ఉన్నన్నాళ్ళూ ఉంటాదంట."

అర్థమైనట్టు తల ఊపాడు. తండ్రి వైపు చూసి, చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వాడు.

"అయితే నాయినా, దీనికి ఇంక పూజకు గూడా సెలవు లేదు."

"నీకూ లేదు," అన్నాను నేను.

ఆయన నా మొహం వైపు చూశాడు, తర్వాత నా నడుము వైపు చూశాడు. తాళంచెవి అడగలేదు. తల వంచి, వేలిని మళ్ళీ మొదటికి తెచ్చి, పగులు మీదుగా పైకి జరిపాడు.